అమ్మ లేని అమ్మాయికి కాన్పప్పుడు తోడెవరు? తిరుపతి, చిత్తూరు వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

కొర్లగుంట_అబ్బోడు:
అందరికీ నమస్కారం. మా ఆవిడకి ఏడో నెల. మా అత్తగారు పోయి మూడేళ్ళయింది, మామ ఒక్కడే ఉంటాడు, కాబట్టి పుట్టింటికి పంపిద్దామన్నా అక్కడ చూసుకునే దిక్కు లేదు. మా అమ్మ పలమనేరు పక్కన పల్లెలో ఉంది, రెండు ఆవులు, మోకాళ్ళ నొప్పులు, కాన్పయినాక ఒక నెల వచ్చి ఉంటానంటా ఉంది, అంతకుమించి ఆమెని అడగలేను. నాకు రేణిగుంట దగ్గర షిఫ్టుల డ్యూటీ. స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ బాగున్నాయి, దాని గురించి కాదు నా బాధ. మొన్న రాత్రి రెండింటికి లేచి కూర్చోని "నొప్పులొస్తే నా పక్కన ఎవరుంటారు" అనింది, నాకు నోట మాట రాలేదు. బెంగుళూరులో డౌలా అని డబ్బులకి తోడొచ్చేవాళ్ళు ఉన్నారని ఫ్రెండ్ చెప్పినాడు, అసలు వాళ్ళేం చేస్తారు? ఇక్కడ బిడ్డకి నీళ్ళు పోసే ఆయమ్మలు ఇంకా దొరుకుతా ఉండారా? మీకు ఎవరు తోడున్నారు, ఏది నిజంగా పనికొచ్చింది, కొంచెం వివరంగా రాయండి.

పీలేరు_కోడలు:
తమ్ముడూ, నాకు ఇద్దరు పిల్లలు, రెండు కాన్పులూ రెండు రకాలు. మొదటిది ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, పేరు చెప్పను. లోపలికి ఎవర్నీ రానీలేదు, తొమ్మిది గంటలు ఒక్కదాన్నే గోడ మీద గడియారం చూసుకుంటా పడుకున్నాను, మధ్యమధ్యలో ఒకామె వచ్చి చూసి "అరవద్దు" అని చెప్పి పోయేది. బిడ్డ బాగానే పుట్టింది, కానీ ఆ తొమ్మిది గంటలు ఇప్పటికీ కల్లోకి వస్తాయి. రెండోది తిరుపతి ప్రసూతి ఆస్పత్రిలో, ఆసారి మా మేనత్తని లోపలికి పంపించినారు. ఆమె ఏమీ చదువుకోలేదు, మందు మాత్ర ఏమీ తెలీదు. నొప్పి లేచినప్పుడల్లా నడుము కింద ఉండే ఎముక మీద అరచేత్తో గట్టిగా నొక్కి పట్టేది, నొప్పి దిగేదాకా చెయ్యి తీసేది కాదు, దిగినాక ఒక గుక్క నీళ్ళు తాపి మొహం తుడిచేది, మళ్ళీ నొప్పి, మళ్ళీ చెయ్యి, తెల్లారేదాకా అదే పని. పొద్దున బిడ్డని ఎత్తుకోమంటే ఎత్తుకోలేకపోయింది, చూస్తే ఆమె మణికట్టు వాచిపోయి ఉంది. నువ్వు డబ్బులకి మనిషిని వెతికే ముందు మీ ఇద్దరి వైపూ అట్లాంటి పెద్దమ్మో పిన్నమ్మో ఎవరైనా ఉన్నారేమో ఒకసారి ఆలోచించు నాయనా.

చంద్రగిరి_ఆశా:
నేను ఆశా కార్యకర్తని. ముందు నీ ఇంటి పరిధిలో ఉండే ఆశాని, ఏఎన్ఎం నర్సుని కలువు, టౌనులో కూడా ఉంటారు, శానామంది మేము పల్లెల్లోనే ఉంటామనుకుంటారు. ప్రతి నెలా 9వ తేదీ గర్భిణులకి ఉచితంగా డాక్టర్ చెకప్ ఉంటుంది, అది వదలొద్దు. మొదటి కాన్పయితే, అర్హత ఉంటే కేంద్రం వాళ్ళ మాతృ వందన పథకం కింద 5,000 వస్తుంది, పేరు రాయించి ఆధార్, బ్యాంకు బుక్కు ఇవ్వండి.

కాన్పయినాక మా పని చెప్తాను. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికొస్తాం. బరువు చూస్తాం, జ్వరం చూస్తాం, బిడ్డ పొట్ట మీద గుడ్డ తీసి ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెడతాం. పోయినేడు ఒక ఇంట్లో ఏడో రోజు పోతే అందరూ "బిడ్డ బంగారం, ఏడవనే ఏడవదు, ఊరికే నిద్రపోతుంది" అని మురిసిపోతా ఉన్నారు. నాకు ఆ మాటే నచ్చలేదు. లెక్కపెడితే 68. మళ్ళీ లెక్కపెట్టినా, మళ్ళీ అంతే. 60 దాటితే ఆగకూడదు, 108కి ఫోన్ చేసినా, తల్లి జాకెట్‌లో గుండెకి ఆనించి పెట్టుకునే తీసుకుపోయినాం. ఆ బిడ్డ ఇప్పుడు నన్ను చూస్తే కొంగు పట్టుకుంటాడు.

ఇంకొకటి, నీళ్ళు పోసే ఆయమ్మ దొరికితే ముందే చెప్పు, ముక్కులో చెవుల్లో నూనె పొయ్యొద్దు, నోటితో ముక్కులోకి ఊదొద్దు, బొడ్డు మీద ఏమీ పూయొద్దు. పుట్టంగానే తేనె నాకించొద్దు, ముర్రుపాలే మొదటి మందు, గంటలోపు పట్టించాలి, ఆర్నెల్లు నీళ్ళు కూడా వద్దు. రోజుకి ఆరుసార్లు పైన ఒంటేలు పోస్తా ఉంటే పాలు చాలుతా ఉన్నట్టే.

కొర్లగుంట_అబ్బోడు:
అక్కా, శానా థాంక్స్. లేబర్ రూములోకి మనిషిని పంపిస్తారా నిజంగా? మా ఫ్రెండుకి గేటు దగ్గరే ఆపేసినారంట.

రిటైర్డ్_సిస్టరమ్మ:
బాబూ, ముప్ఫై ఏళ్ళు లేబర్ రూములో పనిచేశాను, నేను చెప్తా విను. కాన్పు సమయంలో ఒక తోడు మనిషిని ఉండనీయొచ్చని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆస్పత్రులకి చెప్పింది, మామూలుగా ఆడ మనిషినే ఒప్పుకుంటారు, పక్క మంచాల్లో వేరే తల్లులు ఉంటారు కదా. కానీ ఆ రోజు రద్దీని బట్టి, డ్యూటీలో ఉండే వాళ్ళని బట్టి ఉంటుంది, అందుకే నొప్పులొచ్చినాక గేటు దగ్గర పోట్లాడే బదులు ఎనిమిదో నెల చెకప్‌కి పోయినప్పుడే అడిగి పెట్టుకో.

డౌలా గురించి అడిగినావు. ఆమె వైద్యం చేసే మనిషి కాదు, పరీక్షలు చేయదు, బిడ్డని పట్టదు. పక్కనే ఉంటుంది, నడిపిస్తుంది, నడుము రుద్దుతుంది, డాక్టర్ చెప్పింది నెమ్మదిగా మళ్ళీ చెప్తుంది. పైన పీలేరు అమ్మాయి మేనత్త చేసింది అదే పని. 2017లో వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 26 అధ్యయనాలు, 15 వేల మందికి పైగా తల్లుల వివరాలు కలిపి చూస్తే, చివరిదాకా పక్కన మనిషి ఉన్నవాళ్ళకి మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల సమయం కూడా కొంచెం తగ్గిందని తేలింది. మా కాలంలో మేమే తోడు మనుషుల్ని బయటికి పంపించేవాళ్ళం, అడ్డమనుకునేవాళ్ళం. ఆ తల్లుల మొహాలు తల్చుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

తోడొచ్చే ఆమెకి నాలుగు మాటలు నేర్పించు చాలు. వెల్లకిలా పడుకోనీకుండా పక్కకి తిప్పాలి, గంటకో రెండు గంటలకో ఒకసారి ఒంటేలికి పంపించాలి, మేము చెప్పేదాకా "బలం పెట్టి ముక్కమ్మా" అని తొందరపెట్టకూడదు, పక్కింటి ఆమె కాన్పు ఎట్లా కష్టమయిందో ఆ కథలు చెప్పకూడదు. ఈ చివరిది మరీ ముఖ్యం.

చిత్తూరు_నాన్న:
అన్నా, అందరూ కాన్పు గురించి చెప్పినారు, నేను తర్వాత సంగతి చెప్తా. మా బాబు పుట్టిన ఇరవై రోజులకి మా ఆవిడ పాలు ఇస్తా గోడకేసి చూస్తా ఉండేది, బాబు ఏడ్చినా తల తిప్పేది కాదు, నిద్ర లేదు, "నేను లేకపోతే మీరు బాగుంటారు" అని ఒకసారి అనింది. ఇంట్లో పెద్దోళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించినారు, నేను కూడా నమ్మినాను, రెండు వారాలు అట్లే పోయినాయి. ఏఎన్ఎం బిడ్డకి సూదెయ్యడానికి వచ్చి, సూది వేసినాక పోకుండా మంచం మీద కూర్చోని "నువ్వెట్లా ఉన్నావమ్మా" అని అడిగింది. అంతవరకూ ఆ ఇంట్లో అందరూ బిడ్డ ఎట్లా ఉన్నాడనే అడిగినారు. మా ఆవిడ అరగంట ఏడ్చింది. తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయినాం, పాలిచ్చే తల్లికి సరిపోయే మందులే ఇచ్చినారు, మూడు నెలలకి మనిషి మళ్ళీ మనిషయింది. కాన్పయిన కొత్తలో కొంచెం ఏడుపు రావడం మామూలే, రెండు వారాలు దాటినా పోకపోతే మాత్రం గమ్మున ఉండొద్దు. మనసు బాగలేనోళ్ళకి సర్కారు పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి, ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతాననే మాట వస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపో, మనిషిని ఒంటరిగా వదలొద్దు.

పుత్తూరు_పిల్ల:
నీళ్ళు పోసే ఆయమ్మ గురించి అడిగినారు కదా, మా అమ్మ ఆ పనే చేస్తుంది. పిల్లని కాళ్ళ మీద పండబెట్టుకోని మోచేత్తో నీళ్ళ వేడి చూసినాకే చెంబు ఎత్తుతుంది, ఎన్ని వందల మంది పిల్లలకి పోసిందో ఆమెకే తెలీదు. ముక్కులో ఊదడం ఆమె కూడా ముందు చేసేది, ఆశా అక్క కూర్చోబెట్టి చెప్పినాక మానేసింది, ఇంకా ఊదమని అడిగే అవ్వలకి ఆమే తిరిగి చెప్తుంది. నాకు బాధ వేసేది ఒకటే. కొన్ని ఇళ్ళల్లో నలభై రోజులు పోయించుకోని చివర్లో పాత చీర ఒకటి చేతిలో పెట్టి పంపించేస్తారు. తెల్లారి అయిదున్నరకి బస్సెక్కి పోతుంది ఆమె, నడుము వంచి వంచి ఇప్పుడు నిటారుగా నిలబడలేదు. ఎవరిని పెట్టుకున్నా రోజుకింత అని ముందే మాట్లాడుకోండి, పోయినప్పుడు కాఫీ ఇచ్చి ఇంట్లో మనిషిలా చూడండి.

కొర్లగుంట_అబ్బోడు:
అందరిదీ చదివినాను, మా ఆవిడకి గట్టిగా చదివి వినిపించినాను, మేనత్త మణికట్టు దగ్గర ఏడ్చేసింది. శ్రీకాళహస్తిలో ఆమె పిన్నమ్మ ఉంది, మా అత్త పోయినాక రాకపోకలు తగ్గినాయి. ఫోన్ చేస్తే "అడగడానికి ఇన్ని నెలలా" అని కోప్పడింది, ఈ సాయంత్రం బస్సుకే బయల్దేరి వచ్చేసింది. ఇప్పుడు వంటింట్లో కూర్చోని యాడ నొక్కాలో చూపించమని అడుగుతా ఉంది. పుత్తూరు చెల్లెలూ, మీ అమ్మకి వీలవుతుందేమో కనుక్కో, రోజుకి ఎంతనేది ఆమే చెప్పనీ. రేపు 9వ తేదీ, పిన్నమ్మని కూడా చెకప్‌కి తీసుకుపోతా ఉండాను, లోపలికి పంపిస్తారా లేదా అక్కడే సిస్టర్‌ని అడిగి వచ్చి చెప్తాను.