మన్రోలందరూ ఒక్క ఇంటివాళ్లేనా? పేరు చూసి చుట్టరికం కలపొచ్చా?

గుత్తికోట:
మా తమ్ముడి కొడుకు గ్రూప్ 2కి చదువుతున్నాడు. నిన్న వాడి నోట్సు తిరగేస్తుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "బక్సర్ యుద్ధ విజేత మన్రో తర్వాత దత్తమండలాల కలెక్టరుగా వచ్చి రైత్వారీ పెట్టాడు" అని ఉంది. రైత్వారీ అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి. కోచింగులో చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడట. బక్సర్ యుద్ధం 1764లో జరిగింది. ఆ కలెక్టరు, మన థామస్ మన్రో, గ్లాస్గోలో పుట్టింది 1761 మే 27న. మూడేళ్ల పిల్లాడు అవధ్ నవాబు షుజా ఉద్దౌలాని ఓడించాడా? గెలిచింది హెక్టర్ మన్రో, వేరే మనిషి.

ఆ మాటే వాడికి చెబితే, "ఏ మన్రో అయితే ఏముంది పెదనాన్నా, అందరూ ఒక్క ఇంటివాళ్లేగా" అన్నాడు. తప్పు కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పేరు కలిసినంత మాత్రాన ఒకడు చేసినది ఇంకొకడి ఖాతాలో రాయకూడదని నా వాదన. మీరేమంటారు?

పాతకాగితాలు:
సంవత్సరాల సంగతి ఒప్పుకుంటాను. కానీ "ఒక్క ఇంటివాళ్లు" అన్న మాటను అంత తేలిగ్గా తోసెయ్యలేం. మన్రోలది ఉత్తర స్కాట్లాండులోని రాస్ ప్రాంతం. ఫౌలిస్ అన్న చోట వాళ్ల పెద్ద ఉండేవాడు, అందరూ ఆయన కింద ఒక తెగ. బక్సర్ హెక్టర్ నోవార్ ఎస్టేటు దొర. తిరువాంకూరుకు రెసిడెంటుగా, అంటే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, వచ్చి 1811 నుంచి 1814 దాకా దివానుగిరీ కూడా చేసిన కల్నల్ జాన్ మన్రోది టియానినిక్. కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో మన్రో తురుత్తు అని దీవి ఉందే, అది ఈయన పేరే. నోవార్, టియానినిక్, రెండూ ఆల్నెస్ అనే ఊరి చుట్టుపక్కలవే. కుంఫిణీలో, అంటే ఆ కంపెనీలో, కేడెట్ ఉద్యోగం డైరెక్టర్ల సిఫారసు మీద వచ్చేది. మనవాడు అనుకుంటేనే సిఫారసు. అలాంటి చోట ఇంటిపేరు ఉత్త అక్షరాలు కాదు.

గుత్తికోట:
హెక్టరుకీ జాన్‌కీ మీ మాట చెల్లుతుందేమో. థామస్‌కి చెల్లదు. తండ్రి అలెగ్జాండర్ మన్రో గ్లాస్గోలో వర్జీనియా పొగాకు వ్యాపారి. అమెరికా యుద్ధంతో ఆ వ్యాపారం కూలింది, ఇల్లు గడవడమే కష్టమయింది. అందుకే కొడుకు మామూలు కాల్బలం కేడెట్టుగా ఓడెక్కి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఆ ఏడే హైదరాలీ మీదికి వెళ్లిన సైన్యంలో ఉన్నాడు. దాని సేనాని ఎవరనుకున్నారు? ఈ హెక్టర్ మన్రోనే! సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కుంఫిణీవాళ్లదే అయిన కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోతుంటే హెక్టర్ కంచిలోనే ఉండి, పెద్ద ఫిరంగుల్ని అక్కడి చెరువులో తోయించి మద్రాసుకు వెనక్కి నడిచాడు. ఆ నడకలో పందొమ్మిదేళ్ల థామస్ కూడా ఉన్నాడు. ఒకే సైన్యం, ఒకే ఇంటిపేరు. ఒకడు సేనాని, ఇంకొకడు అడుగున ఉన్న కుర్రాడు.

ఇంకో సంగతి. ఆ దేశంలో దొర నేల దున్నిన కౌలుదార్లు కూడా ఆయన ఇంటిపేరే పెట్టుకున్నారు. నెత్తురు సంబంధం అక్కర్లేదు. మన దగ్గర ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనబడదా?

కొండగాలి:
నేను ఎడిన్‌బరాలో ఉంటాను. ఇక్కడ ఎవరైనా "ఈ వారం మన్రో ఎక్కాను" అంటే కొండ ఎక్కానని. 3000 అడుగులు దాటిన స్కాట్లాండు శిఖరాలను సర్ హ్యూ మన్రో లెక్కగట్టి 1891లో జాబితా వేశాడు. ఇప్పటి లెక్కకు 282. తన జాబితాలోవన్నీ ఎక్కకుండానే ఆయన 1919లో పోయాడు. చరిత్ర చదవని వాళ్లకు ఆ పేరుతో గుర్తొచ్చేది ఈయన ఒక్కడే.

హెక్టర్ కట్టించిన గుర్తు చూడాలని పోయిన వేసవిలో ఆల్నెస్ దాకా వెళ్లి ఫైరిష్ కొండ ఎక్కాను. మన్రో లెక్కలోకి రాదు, సుమారు సగం ఎత్తే. పైన్ చెట్లు దాటాక ఒక్కసారిగా ఖాళీ కొండనెత్తి, దాని మీద నల్లబడిన రాతి కమానులు. వెనక గోడ లేదు, లోపల గది లేదు, ఉత్త ద్వారం. హెక్టర్ 1781లో పట్టుకున్న నాగపట్నం కోట వాకిలి నమూనాతో కట్టించాడట. పని లేని ఊరివాళ్లకు కూలి దొరకాలని కట్టించాడంటారు. పని ఎక్కువ రోజులు సాగాలని రాళ్లను పైనుంచి మళ్లీ కిందికి దొర్లించాడని కూడా అక్కడ చెప్పుకుంటారు. గాలికి నిలబడలేక ఆ కమాను స్తంభాన్ని పట్టుకున్నాను. మన సముద్రం ఒడ్డున ఉండాల్సిన వాకిలి అక్కడెందుకుందా అని చాలాసేపు మనసు కుదుటపడలేదు.

వేపచెట్టు నీడ:
మాది పత్తికొండ దగ్గర. మా తట్టు మన్రో అంటే ఒక్కడే. మీ కొండలూ దీవులూ మాకు తెలీవు. 1827 జూలై 6న ఆయన మా పత్తికొండలోనే కలరాతో పోయాడు. మద్రాసు గవర్నరు పని ముగించుకొని సొంత దేశానికి పోయే ముందు ఒకసారి మా జిల్లాలు చూసిపోదామని వచ్చినాయన. గుత్తిలో పూడ్చి, 1831లో మద్రాసుకు తీసుకుపోయినారు. ఆయన జ్ఞాపకంగా ఇక్కడ బావి తవ్వించి చింతతోపు వేయించినారు. పాపాఘ్ని ఒడ్డున గండి క్షేత్రంలో ఆయనకు బంగారు తోరణం కనబడిందనీ, అది కనబడినోళ్లు ఎక్కువ కాలం బతకరనీ మా అవ్వ చెప్పేది. మన్రోను మాండవ ఋషి అన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఇంటిపేరు కాదప్పా, పిలిచే పేరే! అంత ప్రేమ ఊరికే వస్తుందా? అట్లాంటాయన్ను బక్సర్ ఆయనతో కలిపేస్తే మాకు మనసు నొచ్చుకుంటుంది.

తెర్నేకల్లు:
అక్కా, మీ ప్రేమను కాదనను. కానీ మా ఊరి మాట కూడా వినాల. 1801లో పన్ను కట్టేది లేదని ఎదురు తిరిగినందుకు మా ముత్తుకూరు గౌడప్పను ఉరి తీసినారు. అప్పుడు కలెక్టరు మీ థామస్ మన్రోనే. ఎనభై మంది పాలెగాళ్లను అణగదొక్కిందీ ఆయన కాలంలోనే. బక్సర్‌కు కొన్నాళ్ల ముందు ఎదురు తిరిగిన సిపాయిల్లో 24 మందిని హెక్టర్ ఫిరంగుల నోటికి కట్టి పేల్పించినాడు. ఇద్దరి ఉప్పూ కుంఫిణీ ఉప్పే కదా. చుట్టాలు కాకపోతే ఏం? పేరు కాదు, చేసిన కొలువు చూడాల.

గుత్తికోట:
గౌడప్ప మాట నిజం, దాన్ని దాచి థామస్‌ను దేవుణ్ణి చేస్తే అది కూడా అబద్ధమే. అయితే ఆ పక్కనే ఇంకొకటి ఉంది. ఇక్కడి శిస్తు ఎక్కువగా ఉందని, నూటికి ఇరవై ఐదు తగ్గించాలని 1807లో రాసింది కూడా ఆయనే. పైవాళ్లు వినలేదు. 1820లో తానే గవర్నరయ్యాక అమలు చేశాడు. పదమూడేళ్లు ఆ మాట వదలలేదు. గౌడప్ప ఉరీ, ఈ తగ్గింపూ ఒకే మనిషి లెక్కలో ఉండాలి. నాగపట్నం, పొల్లిలూరు, ఆ 24 మంది సిపాయిలు, ఇవి హెక్టర్ లెక్కలో. నేను అడిగేది అంతే.

పాతకాగితాలు:
రాత్రంతా హెక్టర్ల మీదే కూర్చున్నాను. "హెక్టర్ మన్రో" అన్న పూర్తి పేరుకే ఎంతమంది దొరికారో చూడండి. 1590లో ఫౌలిస్ దొర హెక్టర్ మన్రోను చేతబడి నేరం కింద విచారించారు, నిర్దోషిగా వదిలేశారు. తర్వాత బక్సర్ హెక్టర్. ఆ తర్వాత 1870లో బర్మాలోని అక్యాబ్‌లో పుట్టి, సాకి పేరుతో కథలు రాసి, 1916 నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో చనిపోయిన హెక్టర్ హ్యూ మన్రో. ఆ యుద్ధంలోనే 1914లో బెల్జియంలో గాయపడినవాళ్లను మోయడానికి అంబులెన్సు దళం నడిపిన డాక్టర్ హెక్టర్ మన్రో. మన తాత పేరు మనవడికి వచ్చినట్టు ఆ తెగలో హెక్టర్ తిరుగుతూనే ఉంది. గేలిక్‌లో ఆ పేరు ఎహన్. ఫౌలిస్ హెక్టర్ చేతబడి కేసును నోవార్ హెక్టర్ మెడకు చుడితే ఎంత అన్యాయమో, నోవార్ హెక్టర్ గెలుపును థామస్‌కి కట్టబెట్టడమూ అంతే. అక్కడ నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. సిఫారసుల మాట మాత్రం వదలను.

కొండగాలి:
వదలక్కర్లేదండీ, మీ వైపు సాక్ష్యం మా ఊళ్లోనే ఉంది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో 1720 నుంచి 1846 దాకా శరీర నిర్మాణ శాస్త్రం (అనాటమీ) ప్రొఫెసరు పదవి వరసగా ముగ్గురు అలెగ్జాండర్ మన్రోలదే: తాత, కొడుకు, మనవడు. ముగ్గురినీ విడదీయడానికి మొదటి, రెండో, మూడో అని పిలవాల్సి వచ్చింది. మూడోవాడి పాఠాలు చార్లెస్ డార్విన్‌కి అస్సలు నచ్చలేదు. ఒక ఇంటిపేరు 126 ఏళ్లు ఒక కుర్చీని పట్టుకుందంటే అక్కడ చుట్టరికం పనిచేసినట్టే కదా.

గుత్తికోట:
అది కాదనలేను. పేరు తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్లాక ఏం చేశాడన్నది ఎవరిది వారిదే.

ఈ చర్చంతా మా వాడికి చదివి వినిపించాను. ఆ వాక్యం కొట్టేసి పక్కన రెండు వరసలు రాసుకున్నాడు: "హెక్టర్, నోవార్, బక్సర్ 1764. థామస్, గ్లాస్గో 1761, పత్తికొండ 1827." దాని కింద ఇంకో ప్రశ్న: గౌడప్ప గురించి ఎక్కడ తెలుసుకోవాలి? తెర్నేకల్లు తమ్ముడూ, మీ ఊళ్లో పెద్దవాళ్లు చెప్పుకునేది ఏమున్నా ఇక్కడ పెట్టు.