కైరోప్రాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్తున్నాను, లోపల అసలేం చేస్తారు?

ప్రశ్న

మూడు వారాలుగా నడుము కింది భాగంలో నొప్పి. ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు పట్టేస్తోంది. కుడి పిరుదు దాకా లాగుతోంది కానీ మోకాలు దాటి కిందికి రావడం లేదు. వచ్చే వారం కైరోప్రాక్టర్ (వెన్ను, కీళ్ళ నొప్పులకి చేత్తో నొక్కి, నెట్టి వైద్యం చేసేవారు) దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. వీడియోల్లో మెడ పట్టుకుని టక్కున తిప్పడం చూసి భయం పట్టుకుంది. మొదటి రోజే అలా చేసేస్తారా? వెంట ఏం తీసుకెళ్ళాలి? ఆ శబ్దం ఎందుకొస్తుంది? బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను, అది తప్ప వేరే జబ్బులేమీ లేవు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1

మొదటి రోజు సుమారుగా 45 నిమిషాల నుంచి గంట వరకు పడుతుందండీ. అందులో ఎక్కువ భాగం ప్రశ్నలకీ పరీక్షకీ పోవాలి. వెళ్ళిన 5 నిమిషాల్లోనే బల్ల మీద పడుకోమంటే అది మంచి లక్షణం కాదు.

నొప్పి ఎలా మొదలైంది, ఏ భంగిమలో పెరుగుతోంది, ఏ భంగిమలో తగ్గుతోంది, రాత్రిపూట నిద్ర లేపుతోందా అని అడుగుతారు. తర్వాత నడుముకి సంబంధం లేనట్టు కనిపించే ప్రశ్నలు వస్తాయి: జ్వరం వచ్చిందా, కారణం లేకుండా బరువు తగ్గారా, గతంలో క్యాన్సర్ ఉందా, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడారా, ఈమధ్య కింద పడ్డారా, మూత్రం పోయడంలో తేడా ఉందా. అసలైనవి ఇవే. నొప్పి వెనక ఇన్ఫెక్షనో, ఎముక విరగడమో, గడ్డో ఉంటే చేత్తో నొక్కే వైద్యం అక్కడ పనికిరాదు, నేరుగా డాక్టర్ దగ్గరికి పంపాలి. కాబట్టి ఒక్క ప్రశ్నకి కూడా మొహమాటపడకుండా జవాబు చెప్పండి.

పరీక్షలో ముందుకీ వెనక్కీ పక్కలకీ వంగమంటారు. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడిపిస్తారు. కాలి బొటనవేలిని పైకి లేపి, వాళ్ళు కిందికి నొక్కుతుంటే ఆపమంటారు. మోకాలి కిందా మడమ వెనకా చిన్న సుత్తితో కొట్టి చూస్తారు. వీటన్నిటితో ఏ నరం దగ్గర ఇబ్బంది ఉందో ఒక అంచనా వస్తుంది. ఇక వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు నెమ్మదిగా పైకెత్తుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో నొప్పి మోకాలు దాటి పాదం వైపు పాకితే నరం మీద ఒత్తిడి ఉందని అనుమానం. తొడ వెనక లాగినట్టు మాత్రమే ఉంటే అది మామూలుగా కండరం పట్టు. మీరు చెప్పినదాన్ని బట్టి ఈ పరీక్ష మీకు ముఖ్యం.

అంతా సవ్యంగా ఉంటే అదే రోజు చికిత్స మొదలుపెట్టొచ్చు. నడుముకి సాధారణంగా పక్కకి తిప్పి పడుకోబెడతారు. కింది కాలు చాచి, పై కాలు మోకాలు దగ్గర వంచుతారు. ఒక చెయ్యి మీ భుజాన్ని నిలబెడుతుంది, రెండో చెయ్యి నడుము కింది భాగం మీద ఆనుతుంది. కీలు కదలగలిగినంత దాకా నెమ్మదిగా తీసుకెళ్ళి అక్కడ ఒక క్షణం ఆగుతారు. మీరు ఊపిరి వదులుతుండగా చిన్న నెట్టు. వేగం ఎక్కువ, కదిలే దూరం చాలా తక్కువ. ఆ ఆగిన క్షణంలోనే నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరి వచ్చినా వెంటనే చెప్పాలి, వాళ్ళు ఆపాలి. భయంతో శరీరం బిగబట్టుకుంటే ఎక్కువ బలం వాడాల్సి వస్తుంది, తర్వాత నొప్పులూ ఎక్కువే. బిగుసుకుపోతున్నారని తెలిసీ నెట్టకుండా పద్ధతి మార్చేవాళ్ళే చెయ్యి తిరిగినవాళ్ళు.

శబ్దం సంగతి: మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఇదీ ఒకటే. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి వాయువు బుడగ ఏర్పడుతుంది. అందుకే అదే కీలు మళ్ళీ టక్కుమనడానికి ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది. పక్కకి జరిగిన ఎముక చోటికి వచ్చినప్పుడు వచ్చే చప్పుడు కాదది. శబ్దం రాకపోయినా చికిత్స జరిగినట్టే, గట్టిగా వస్తే ఎక్కువ మేలు జరిగినట్టూ కాదు.

జవాబు 2

పైన బాగా చెప్పారు. మెడ గురించి విడిగా చెప్పాలి.

మీది నడుము నొప్పి. దానికోసం మెడ తిప్పాల్సిన పని లేదు. కొందరు నొప్పి ఎక్కడున్నా వెన్నెముక మొత్తం చేసేస్తారు. ‘మెడ ముట్టుకోకండి’ అని ముందే చెప్పండి. అది మీ హక్కు, దానికి కారణం కూడా చెప్పనక్కర్లేదు. మెడ వెన్నుపూసల గుండా మెదడుకి వెళ్ళే రక్తనాళాలు ఉంటాయి. మెడని వేగంగా తిప్పాక వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు అరుదుగా నమోదయ్యాయి. అప్పటికే చిరుగు మొదలై, ఆ నొప్పికే చికిత్సకి వచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో ఉండొచ్చు కాబట్టి కారణం ఏదన్న దానిమీద వాదం తెగలేదు. కానీ ఎప్పుడూ లేనంత తీవ్రమైన మెడనొప్పో తలనొప్పో ఉన్నట్టుండి మొదలైతే మెడ తిప్పించుకోకూడదన్న విషయంలో సందేహం లేదు. దాంతోపాటు తల తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడడం, మూతి వంకరపోవడం ఏది కనిపించినా అత్యవసర విభాగానికే.

బీపీ మాత్ర వేసుకుంటున్నంత మాత్రాన నడుముకి చికిత్స ఆపక్కర్లేదు, కానీ చెప్పాలి, ఆ రోజు బీపీ చూడమనాలి. ఇంతకన్నా జాగ్రత్త పడాల్సింది రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, కీళ్ళవాతం మెడ పైభాగాన్ని పట్టినవాళ్ళు, వెన్నుకి ఆపరేషన్ అయినవాళ్ళు. వీళ్ళకి వేగంగా నెట్టే పద్ధతి వద్దు. స్ప్రింగుతో చిన్నగా తట్టే పరికరం, బోర్లా పడుకోబెట్టి నడుముని మెల్లగా సాగదీసే బల్ల, చేత్తో నిదానంగా కదిలించే పద్ధతి లాంటివి ఉన్నాయి. భయం ఉంటే మీరూ అవే అడగొచ్చు.

నడుము నొప్పి ఉన్న ఎవరైనా గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్ళూ బలహీనపడడం. వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. గంటల్లో ఆసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే ఆ నరాలు కోలుకోకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ, ఇద్దరికీ. క్లినిక్‌కి ఫోన్ చేస్తే మొదటి రోజు ఎక్స్‌రే తప్పనిసరి అన్నారు. ‘30 సార్లకి ప్యాకేజీ తీసుకుంటే తగ్గింపు’ అని కూడా చెప్పారు. ఇది మామూలేనా? చికిత్స అయ్యాక నొప్పులు వస్తాయని విన్నాను, ఏది మామూలు, ఏది కాదు?

జవాబు 3

ప్యాకేజీకి డబ్బు ముందే కట్టకండి. మిమ్మల్ని పరీక్షించకుండానే 30 సార్లు కావాలని ఎవరికీ తెలియదు.

మూడు వారాల నడుము నొప్పి చాలామందికి ఏ వైద్యం చేసినా చేయకపోయినా కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో ఇలాంటి నొప్పికి మందులకన్నా ముందు చూడదగ్గ మార్గాల్లో వెన్నుపూసల మానిపులేషన్ (పైన చెప్పిన, చేత్తో నెట్టే చికిత్స) కూడా ఉంది. వేడి కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్ కూడా అదే వరుసలో ఉన్నాయి. అంటే పనికొచ్చే మార్గమే, కానీ కలిగే మేలు ఓ మోస్తరే. కాబట్టి వారానికి 2 సార్ల చొప్పున 2, 3 వారాలు చూసి మళ్ళీ పరీక్ష చేయించుకోవడం సబబు. 4 నుంచి 6 సార్లు అయ్యాక కూడా మార్పు లేకపోతే అదే కొనసాగించడంలో అర్థం లేదు. మార్పుని ‘కొంచెం ఫర్వాలేదు’ అని కొలవకండి. నొప్పి లేకుండా ఎన్ని నిమిషాలు కూర్చోగలుగుతున్నారు, సాక్సు వేసుకోవడానికి ఎంత వంగగలుగుతున్నారు అన్నవి మొదటి రోజే రాసిపెట్టుకోండి.

ఎక్స్‌రే అందరికీ అక్కర్లేదు. పడడం, క్యాన్సర్ చరిత్ర, ఎముకలు గుల్లబారడం వంటి అనుమానం ఉంటేనే. డిస్కూ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త), కండరమూ, నరమూ ఎక్స్‌రేలో కనిపించవు. వయసుతో వచ్చే అరుగుదల మాత్రం కనిపిస్తుంది. అది నొప్పే లేనివాళ్ళలోనూ ఉంటుంది. ఆ ఫిల్మ్ చూపించి ‘మీ వెన్ను ఇలా ఉంది’ అని భయపెట్టి ప్యాకేజీ అమ్మడం నాకు అస్సలు నచ్చని పని. నడుము ఎక్స్‌రేకి రేడియేషన్ కూడా ఛాతీ ఎక్స్‌రే కన్నా చాలా ఎక్కువ. ‘దేనికోసం వెతుకుతున్నారు?’ అని అడగండి. సరైన కారణం ఉంటే ఒక్క వాక్యంలో చెప్పగలరు.

డి. డి. పామర్ 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో ఈ వైద్యం మొదలుపెట్టినప్పుడు దాదాపు జబ్బులన్నిటికీ వెన్నుపూసలు చోటు తప్పడమే మూలమన్నట్టు చెప్పాడు. దానికి ఆధారం దొరకలేదు. ఇప్పటికీ ఆస్తమా, చెవి ఇన్ఫెక్షన్లు, రోగనిరోధక శక్తి అంటూ ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. నడుము, మెడ, కొన్ని రకాల తలనొప్పుల వరకే ఉంటే మాట్లాడదగ్గ మనిషి. ఆ మనిషికి రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా చూసుకోండి. దీనికి చట్టబద్ధమైన నియంత్రణ అన్ని దేశాల్లోనూ లేదు.

తర్వాతి నొప్పుల సంగతి. చాలామందికి నొక్కిన చోట సలుపు, బిగువు, అలసట, ఒక్కోసారి తలనొప్పి వస్తాయి. సాధారణంగా అదే రోజు మొదలై ఒకటి రెండు రోజుల్లో పోతాయి. నొప్పి 3 రోజులు దాటినా, మోకాలు దాటి కిందికి దిగడం మొదలైనా, పాదం ఈడుస్తున్నట్టు అనిపించినా మళ్ళీ నెట్టించుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

వెళ్ళేటప్పుడు వదులుగా ఉండే బట్టలు వేసుకోండి, మందుల చీటీ, పాత రిపోర్టులు ఉంటే పట్టుకెళ్ళండి. పొట్ట నిండా తిని వెళ్తే బోర్లా పడుకోవడం కష్టం. చికిత్స అయ్యాక ఒక 10 నిమిషాలు మామూలుగా నడవండి, ఆ రోజుకి బరువులు ఎత్తకండి. వచ్చేముందు ఇంట్లో చేయాల్సిన రెండు మూడు వ్యాయామాలు అడిగి, అక్కడే వాళ్ళ ముందు ఒకసారి చేసి చూపించండి. తప్పుంటే వాళ్ళు అప్పుడే సరిచేస్తారు.