అడగని వాడికి భాష అంటగట్టడం మర్యాదేనా?

రాత్రిషిఫ్ట్: మా నాన్న ఎరువుల కొట్టు అప్పుల లెక్కకి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాశాను. నెలాఖరున ఇచ్చిన సరుక్కి తర్వాతి నెల గడువు తేదీ తప్పు చూపిస్తోంది. పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇరవైకి పైగా రిప్లైలు. "ఇంకా పీహెచ్‌పీ ఏంటి బ్రో", "గోలో రాసెయ్", "రస్ట్ నేర్చుకో". గో, రస్ట్ కూడా ఇలాంటి ప్రోగ్రామింగ్ భాషలే. తేదీ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. కొట్టులో ఉన్నది ఒక కంప్యూటరు, రోజుకి నలభై బిల్లులు. అడిగింది వదిలేసి ఇలా భాష అంటగట్టడం మర్యాదేనా?

తుప్పు_భక్తుడు: పేరు చూసి తిట్టకండి, అవును, నేను రస్ట్ మనిషినే. మీ కొట్టు విషయంలో వాళ్లది తప్పే. కానీ భాష మాటెత్తడమే తప్పంటే ఒప్పుకోను. తాము సరిచేసే భద్రతా లోపాల్లో 70 శాతం దాకా మెమరీ తప్పులేనని 2019లో మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. అంటే ప్రోగ్రామ్ కంప్యూటర్ మెమరీని తప్పుగా వాడటం; సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఇవి తేలిగ్గా దొర్లుతాయి, రస్ట్ చాలావాటిని ముందే ఆపేస్తుంది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ని రస్ట్ లాంటి భాషల్లో రాయడం మొదలయ్యాక ఆ వాటా 2019లో 76 శాతం ఉన్నది 2024కి 24కి పడింది. ఊరూపేరూ తెలియని ఫైళ్లు తెరిచే ప్రోగ్రామ్‌ని ఈరోజు ఎవరైనా కొత్తగా సీలో మొదలుపెడుతుంటే, చూస్తూ ఊరుకోవడమా మర్యాద?

పాయింటర్_పంతులు: బాబూ, కొత్తగా మొదలుపెట్టేవాడికి చెప్పు, ఎవరొద్దన్నారు? మీవాళ్లు వచ్చి పడేది ఏళ్లుగా నడుస్తున్న దానిమీద. పైథాన్ భాషలో రహస్య సంకేతాల పనికి వాడే క్రిప్టోగ్రఫీ లైబ్రరీలోకి 2021 ఫిబ్రవరిలో రస్ట్ తెచ్చారు గుర్తుందా? ఆల్పైన్ అనే రకం లినక్స్ వాడేవాళ్ల బిల్డులు (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని) ఎన్ని పోయాయో! రస్ట్ అందని పాత మెషిన్లవాళ్లు లబోదిబోమన్నారు.

తుప్పు_భక్తుడు: పంతులుగారూ, ఆ నిర్ణయం ఆ లైబ్రరీని చూసుకునేవాళ్లే తీసుకున్నారు. మాలాంటి వాళ్లు తోస్తే జరిగింది కాదు.

పాయింటర్_పంతులు: సరే, అది నిజం. ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నా. కోపం మాత్రం వెనక్కి తీసుకోను.

డల్లాస్_బాబాయ్: మేం అమీర్‌పేటలో జావా నేర్చుకునే రోజుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చేసేవి ఈ ప్రచారం. ఇప్పుడు అందరం తలా ఒక బోర్డు మెడలో వేసుకున్నాం. టైప్‌స్క్రిప్ట్ భాష కంపైలర్‌ని (రాసిన కోడ్‌ని తర్జుమా చేసే ప్రోగ్రామ్) గోలోకి మారుస్తున్నామని 2025 మార్చిలో ఆ భాష ముఖ్య రూపకర్త ఆండర్స్ హెల్స్‌బర్గ్ చెప్పగానే "రస్ట్ ఎందుకు కాదు", "సీ షార్ప్ ఎందుకు కాదు" అని ఎంతమంది ఎగబడ్డారో చూశారుగా. సీ షార్ప్ రూపకర్తే ఆయన! సొంత బిడ్డని పక్కన పెట్టాడంటే ఆలోచించకుండా పెడతాడా? పాత కోడ్ అమరికని ఉన్నదున్నట్టు దించుకోవడానికి గో వీలుగా ఉందని చెప్పారు కూడా. వినేదెవరు?

అదే ఫిష్ షెల్ (కమాండ్లు టైప్ చేసి కంప్యూటర్‌తో పని చేయించే ప్రోగ్రామ్) చూడండి. సీ ప్లస్ ప్లస్ నుంచి రస్ట్‌లోకి మార్చి 2025 ఫిబ్రవరిలో 4.0 వదిలారు. మార్చిందీ వాళ్లే, రేపు బగ్గులు మోసేదీ వాళ్లే. నా లెక్క ఇదొక్కటే: రేపు రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచేది నువ్వైతే ఏ భాషైనా చెప్పు, వింటా. నిద్రపోయేవాడివైతే అడిగినదాకా ఆగు.

తుప్పు_భక్తుడు: అలా అయితే పక్కవాడి ఇంటికి నిప్పంటుకున్నా కాపురం ఉండేది నేను కాదుగా అని ఊరుకోవాలి బాబాయ్.

డల్లాస్_బాబాయ్: నిప్పుంటే అరవు. ఎరువుల కొట్టులో ఏ నిప్పు కనపడింది వాళ్లకి?

గోదారి_కోడర్: అందరూ ఇంతింత రాశారు, ఆ అబ్బాయి తేదీ సంగతి మనమూ వదిలేశాం. జనవరి 31కి "ప్లస్ వన్ మంత్" అంటే పీహెచ్‌పీ దాన్ని ఫిబ్రవరి 31 అనుకుని మార్చి 3కి దూకేస్తుంది, లీపు ఏడాదైతే 2కి. నెలాఖరు సరుక్కి "లాస్ట్ డే ఆఫ్ నెక్స్ట్ మంత్" అని ఇచ్చి చూడు తమ్ముడూ.

రాత్రిషిఫ్ట్: కుదిరింది అన్నా! ఫిబ్రవరి 28 చూపిస్తోంది.

తుప్పు_భక్తుడు: రస్ట్‌లో తేదీల లెక్కకి ఉన్న క్రోనో లైబ్రరీ వాడితే నెల కలపగానే 28కే ఆగుతుంది... సరే సరే, నేనేం అనలేదు.