సంపాదకీయం చదవగలిగినవారు బీ2నా, సీ1నా?

ప్రశ్న
అమీర్‌పేటలో సాయంత్రాలు పెద్దవాళ్లకు తెలుగు నేర్పుతున్నాను. ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు అధికారులు, ఇంజినీర్లే ఎక్కువ. గుణింతాలు, ఒత్తులు ఎప్పుడో దాటారు, ఇప్పుడు దినపత్రిక చదువుతున్నారు. వాళ్లను సీఈఎఫ్ఆర్ (భాష ఎంత వచ్చో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా కొలిచే యూరప్ చట్రం) స్థాయుల్లో సర్దమని మా నిర్వాహకులు అడిగారు. ముఖ్యాంశం పట్టుకోవడం, కావలసిన వివరం వెతకడం, తెలియని మాటకు అర్థం ఊహించడం, రచయిత వైఖరి గుర్తించడం, వ్యంగ్యం గ్రహించడం అని ఒక పట్టిక రాసుకున్నాను. వీటిలో బీ2 కింద ఏవి వేయాలి, సీ1 కింద ఏవి?

మొదటి జవాబు
పట్టిక బాగుందండీ, కానీ నైపుణ్యం పేరు పక్కన స్థాయి రాస్తే చిక్కుల్లో పడతారు. ఊహించడమే చూడండి. రోజువారీ విషయాల మీద చిన్న పాఠం ఇచ్చి తెలియని మాటకు అర్థం ఊహించమనడం ఏ2లోనే ఉంది. తెలిసిన రంగమైతే బీ1లోనూ ఉంది. సీ1కి వచ్చేసరికి రాసినవారి మనోభావాన్ని, ఉద్దేశాన్ని పసిగట్టి, తర్వాత ఏం రాబోతోందో కూడా అంచనా వేయాలి. చేసే పని ఒకటే, పాఠం బరువు మారుతోంది.

మీ బ్యాంకు అధికారి హిందీలో సంపాదకీయాలు చదివి, వాటితో వాదించే మనిషే అయి ఉంటారు. వైఖరి గుర్తించడం ఆయనకు మీరు నేర్పనక్కర్లేదు. తెలుగు చాలక ఆ నేర్పు బయటికి రావడం లేదంతే.

అందుకని ఎలాంటి పాఠాన్ని ఎంత సాయంతో చదివారో చూడండి. సమకాలిక సమస్య మీద ఒక పక్షం తీసుకుని రాసిన వ్యాసం అర్థమైతే బీ2. అరుదైన నుడికారం దగ్గర తడబడినా ఫరవాలేదు. సీ1లో తన రంగం కానిది, పొడవైనది, చిక్కనిది కూడా వివరంగా అర్థం కావాలి, అయితే కష్టమైన చోట మళ్లీ చదువుకోనివ్వాలి. చాలామంది ఈ వెసులుబాటు మరిచిపోయి ఎదురుగా గడియారం పెడతారు! సీ2లో శైలిలోని సూక్ష్మ భేదాలు, పైకి చెప్పని అర్థాలు కూడా అందాలి. ఈ లెక్కన మామూలు సంపాదకీయం బీ2 సరుకే. అదే పేజీలోని వ్యంగ్య వ్యాసం సీ1 నుంచి మొదలు.

రెండో జవాబు
మొదటి జవాబిచ్చిన మాస్టారితో కొంతవరకే ఏకీభవిస్తాను. సంపాదకీయం నిండా సంస్కృత పదాలే. హిందీ, మరాఠీ వాళ్లకు అవి సగం చుట్టాలు, కాబట్టి అక్కడ ఉన్న స్థాయి కన్నా పైన కనిపిస్తారు. పల్లె సంభాషణలున్న కథ ఒకటి ఇవ్వండి, రెండో పేరాకే ఆగిపోతారు. తెలుగువాడికి తేలికైనది వాళ్లకు కష్టం, మనకు బరువనిపించేది వాళ్లకు తేలిక. సంపాదకీయం ఒక్కదాన్నే నమ్మి స్థాయి ప్రకటించకండి.

అడిగినవారు
మరి నిర్వాహకులకు ఒక్క అక్షరం, ఒక్క అంకె కావాలట. ఏమివ్వను?

మొదటి జవాబిచ్చినవారు
ఒక్కటే ఇవ్వకండి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ఈ చట్రాన్ని ప్రచురించింది. 2020 నాటి అనుబంధ సంపుటిలో చదవడం కింద ఉత్తరాలు, వెతుకులాట, సమాచారం-వాదన, సూచనలు, కాలక్షేపపు చదువు అని వేర్వేరు కొలతలే ఉన్నాయి. ఒకే మనిషి సమాచారంలో బీ2, కథల్లో బీ1 అయితే అలాగే రాయండి. నిర్వాహకులు గొణిగితే గొణగనివ్వండి.

పరీక్షకు ఆస్తి పన్ను నోటీసు, సంపాదకీయం, చిన్న కథ చాలు. నోటీసులో గడువు, జరిమానా ఎక్కడున్నాయో వెతకమనండి. సంపాదకీయంలో రచయిత ఎవరిని తప్పుపడుతున్నాడో, ఏ కారణం చూపుతున్నాడో అడగండి. జవాబులు మాత్రం హిందీలోనే చెప్పనివ్వండి. తెలుగులో చెప్పమంటే మీరు కొలిచేది చదవడాన్ని కాదు, మాట్లాడటాన్ని.

అడిగినవారు
ఇది నాకు తట్టనేలేదు. కథకు నిఘంటువు ఇవ్వవచ్చా?

రెండో జవాబిచ్చినవారు
తప్పకుండా ఇవ్వండి, ఎప్పుడెప్పుడు తెరుస్తున్నారో పక్కన కూర్చుని చూడండి. బీ2 వాళ్లు కథ నడవడానికి అవసరమైన మాటకే తెరుస్తారు, మిగిలినవి దాటిపోతారు. వాక్యవాక్యానికీ తెరుస్తుంటే కథల వరుసలో బీ2 వేయకండి, ఇంకొంచెం తేలిక కథ ఇచ్చి చూడండి.