విరేచనమా, క్షాళనమా? ఆ చివరి మాట ఏమిటి?

వెనకబెంచి: పొద్దున్నుంచి ఒక వాక్యం సగమే గుర్తొచ్చి ప్రాణం తీస్తోంది. ట్రాజెడీకి, అంటే విషాద నాటకానికి, అరిస్టాటిల్ "పొయెటిక్స్"లో ఇచ్చిన నిర్వచనం, ఎవరిదో తెలుగు. "జాలినీ భయాన్నీ రేపి, ఆ భావాల..." దగ్గర ఆగిపోతోంది. చివర ఉండాల్సింది గ్రీకు "కాథార్సిస్"కి తెలుగు మాట. అది "విరేచనం" మాత్రం కాదు. మా ఎమ్మే క్లాసులో మాస్టారు బోర్డు మీద "భావ విరేచనం" అని రాయగానే వెనక నుంచి ఎవడో "సుఖమేనా సార్?" అన్నాడు. ఆ రోజుకి పాఠం సరి. ఆ మాటే అయితే మర్చిపోయేవాణ్ణి కాదు.

నెల్లూరు బాబాయి: "క్షాళనం" అయ్యుంటుంది. అయినా విరేచనంలో తప్పేముందండీ? అరిస్టాటిల్ వైద్యుడి కొడుకు. తండ్రి నికోమాకస్ మాసిడోనియా రాజుకు వైద్యం చేసినవాడు. "పాలిటిక్స్" ఎనిమిదో భాగంలో, పూనకం వచ్చినవాళ్లు పాటలు విని కుదుటపడతారు, మందు పుచ్చుకుని కాథార్సిస్ అయినట్టు అంటాడు. 1857లో జర్మన్ పండితుడు బెర్నైస్ దీన్ని పట్టుకునే వైద్యార్థం ఖాయం చేశాడు. ఆ బెర్నైస్ ఫ్రాయిడ్ భార్యకు పెదనాన్నో చిన్నాన్నో కూడా.

మూలపాఠం: ఖాయం ఎక్కడ చేశాడు? వాదించాడు. అదే చోట "ఈ సంగతి పొయెటిక్స్‌లో వివరంగా చెబుతా" అని మాటిచ్చిన పెద్దాయన, మనకు దొరికిన పొయెటిక్స్‌లో ఆ ఊసే ఎత్తలేదు. కాథార్సిస్ అన్న మాట అందులో రెండే సార్లు వస్తుంది. రెండోది పదిహేడో అధ్యాయంలో, గ్రీకు నాటకంలో ఒరెస్టీస్ శుద్ధి పేరుతో బయటపడిన సందర్భం. అక్కడ కడగడమే. అసలు మీరంతా కాథార్సిస్ మీద పడ్డారు గానీ, దాని ముందున్న మాట చూశారా? అచ్చులో "పథేమతోన్". పారిస్‌లో ఉన్న పాత చేతిరాత ప్రతిలో "మథేమతోన్"! మొదటి అక్షరం ప కాదు, మ. భావాలు కావు, నేర్చుకున్న విషయాలు.

వెనకబెంచి: మాథమాటిక్స్‌లో ఉన్న మాటేనా?

మూలపాఠం: అదే.

నెల్లూరు బాబాయి: ఫ్లారెన్స్ ప్రతిలో శుభ్రంగా ప ఉంది. నకలు రాసేవాడు కునికిపాట్లు పడుంటాడు. లెక్కల క్లాసులో భయం సరే, జాలి ఎక్కణ్ణుంచి తెస్తారు?

మూలపాఠం: నవ్వండి. పెత్రుషెవ్‌స్కీ అనే పండితుడు ఆ మాటా, పక్కనున్న కాథార్సిస్సూ రెండూ చెడిపోయినవే, అక్కడ ఉండాల్సింది "ప్రగ్మతోన్ సుస్తసిన్", అంటే సంఘటనల కూర్పు అన్నాడు. ఆ లెక్కన కాథార్సిస్సే ఎగిరిపోతుంది. ఒక్క అక్షరం అనుకోకండి.

చెరువుగట్టు: గ్రీకు ప్రతులు మీరు చూసుకోండి. నాకు మాత్రం భవభూతి సంస్కృత నాటకం ఉత్తరరామచరిత మూడో అంకం గుర్తొస్తోంది. "పూరోత్పీడే తటాకస్య పరీవాహః ప్రతిక్రియా, శోకక్షోభే చ హృదయం ప్రలాపైరేవ ధార్యతే." చెరువుకు వరదొస్తే అలుగు పారడమే, అంటే మిగులు నీరు పొర్లిపోవడమే మందు. దుఃఖం పొంగితే ఏడుపే గుండెను నిలబెడుతుంది. భవభూతి ముందు ఇంకెవరైనా దిగదుడుపే.

నెల్లూరు బాబాయి: "తడాగస్య" కదా?

చెరువుగట్టు: రెండు పాఠాలూ ఉన్నాయి. గణం చెడదు, చెరువు మారదు.

మూలపాఠం: అక్కడ ఏడ్చేది రాముడు, అరిస్టాటిల్ చెప్పేది నాటకశాల మెట్ల మీద కూర్చుని చూసేవాడి గురించి. మీకు నీళ్లే కావాలంటే ప్లేటోను అడగండి. ఎండగట్టాల్సిన భావాలకు కవిత్వం నీళ్లు పెడుతోందని "రిపబ్లిక్" పదో భాగంలో ఆయన ఫిర్యాదు. శిష్యుడి నిర్వచనం దానికి జవాబని నా నమ్మకం.

చెరువుగట్టు: అయితే నా చెరువు సరైన చోటే ఉంది! భవభూతి "ధార్యతే" అన్నాడు చూడండి. అలుగు పారినా చెరువు ఖాళీ కాదు, అంచుదాకా నిండే ఉంటుంది. కట్ట తెగదు, అంతే. విరేచనమైతే కడుపు ఖాళీ. క్షాళనమైతే మరక పోవాలి. గ్రీకు నాటకంలో ఈడిపస్ కళ్లు పొడుచుకుని బయటికి రావడం చూసి ఇంటికెళ్లినవాడికి జాలి పోయిందంటారా? నేను నమ్మను.

నెల్లూరు బాబాయి: అలుగు ఏమిటండీ, కలుజు అనండి.

ఓరుగల్లు పిల్ల: మాకు మత్తడి. చెరువు నిండితే మత్తడి దుంకిందంటాం. మొన్న మా ఊళ్లో దుంకితే బడి పిల్లలంతా అక్కడే, చేపల కోసం.

అనంతపురం: మరవ. మాకు పారేది ఎప్పుడో ఒకసారి కాబట్టి మాట బాగా గుర్తుంటుంది.

వెనకబెంచి: అయ్యా, నా చివరి మాట?

మూలపాఠం: ఆగండి, ముందు ఆ అక్షరం "ప"నో "మ"నో తేలనీయండి.