క్లాటెడ్ క్రీమ్ పేరుకోవడం లేదు, ఎక్కడ తేడా కొట్టింది?

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. క్లాటెడ్ క్రీమ్ (సన్నటి సెగకు గంటల తరబడి కాగి పేరుకునే ఇంగ్లండ్ చిక్కటి మీగడ) చేద్దామని అర లీటరు హెవీ క్రీమ్ లోతు గిన్నెలో పోసి ఒవెన్‌లో 80 డిగ్రీల సెల్సియస్‌లో 12 గంటలు ఉంచాను. పైన పలచటి తరక కట్టింది, కింద అంతా పాలలాగే ఉంది. డబ్బా మీద ‘అల్ట్రా పాశ్చరైజ్డ్’ అని ఉంది. హైదరాబాద్‌లో అమ్మ కూడా అడుగుతోంది. అక్కడ ఒవెన్ లేదు, గేదె పాలు మాత్రం దొరుకుతాయి.

జవాబు 1: క్రీమూ తప్పే, గిన్నే తప్పే. అల్ట్రా పాశ్చరైజ్డ్ రకాన్ని 135 డిగ్రీలు దాటించి కాస్తారు, చాలావాటిలో జెల్లన్, క్యారజీనన్ లాంటి జిగురు కలుపుతారు. కొవ్వు పైకి తేలకుండా ఆపడమే ఆ జిగురు పని, మనకేమో అది తేలాలి. ఉత్త ‘పాశ్చరైజ్డ్’ అని ఉన్నది, పదార్థాల జాబితాలో క్రీమ్ తప్ప ఇంకేమీ లేనిది వెతకండి. ఇంగ్లండ్‌లో దీనికి వాడే డబుల్ క్రీమ్‌లో 48 శాతం కొవ్వు, మీ హెవీ క్రీమ్‌లో 36. అందుకని అర లీటరుకు 200 గ్రాములు దిగితే సంతోషించాలి.

గాజుదో పింగాణీదో వెడల్పాటి పళ్లెం తీసుకోండి. క్రీమ్ ఎత్తు 3, 4 సెంటీమీటర్లు చాలు, మూత వద్దు. 80 అంటే 175 ఫారెన్‌హీట్. ఒవెన్ నాబ్ మీది అంకెను నమ్మకండి, లోపల థర్మామీటర్ పెట్టి చూడండి. మరిగిందంటే కొవ్వు విడిపోయి నెయ్యి తేలుతుంది. కొన్ని ఒవెన్లు 12 గంటలకు వాటంతటవే ఆగిపోతాయి, అదీ చూసుకోండి.

దించాక గది వేడికి చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో కనీసం 8 గంటలు పెట్టాలి. మోసేటప్పుడు తొణికితే పొరలు కలిసిపోతాయి, ఎక్కువ మంది పాడుచేసేది ఇక్కడే. తర్వాత ఒక మూల చెంచాతో గుచ్చి, పళ్లెం వంచి, అడుగున ఉన్న పలచటి పాలు వంపేయండి. ఆ పాలతో స్కోన్ల (క్లాటెడ్ క్రీమ్, జామ్ రాసుకుని తినే చిన్న బన్నుల) పిండి కలుపుకోవచ్చు. పైన పసుపుపచ్చగా, ముడతలుగా ఉన్నది మాడు కాదు, అసలు రుచి దాంట్లోనే ఉంది. తీసి పారేయకండి.

జవాబు 2: అమ్మగారికి ఇది చెప్పండి. ఇంగ్లండ్‌లోని డెవన్, కార్న్‌వాల్ పల్లెల్లో పాతకాలపు పద్ధతీ ఇలాంటిదే. ప్యాకెట్ పాలు వద్దు, చాలావరకు హోమోజినైజ్ చేసినవే (కొవ్వును సన్నగా చిదిపి పాలలో కలిపేసినవి), మీగడ తేలదు. పితికిన గేదె పాలు రెండు లీటర్లు, కాచకుండా, వెడల్పు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో 12 గంటలు కదపకుండా ఉంచాలి. మర్నాడు ఆ గిన్నెను నీళ్లున్న పెద్ద బేసిన్‌లో దించి సన్నటి సెగ మీద పెట్టాలి. పాలు 80, 85 డిగ్రీలకు చేరాక గంటసేపు అలాగే నిలపాలి. పైన ముడతలు పడాలి, ఒక్క పొంగు కూడా రాకూడదు, గరిటె పెట్టకూడదు. మళ్లీ 12 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, చిల్లుల గరిటెతో అట్టులా ఎత్తేయడమే. 150 గ్రాముల దాకా వస్తుంది. దాలిలో పిడకల సెగకు కాగిన పాల మీద ఎర్రటి మీగడ ఎందుకంత మందంగా కట్టేదో ఇది చేస్తే తెలుస్తుంది.

ప్రశ్న: రోజూ ఫ్రిజ్‌లో పోగేసే మీగడ వాడితే? నా దగ్గర మిగిలిన క్రీమ్ మళ్లీ ఒవెన్‌లో పెట్టనా?

జవాబు 2: రోజూ తీసేది మరిగిన పాల తరక, అందులో కొవ్వుతో పాటు గట్టిపడ్డ ప్రోటీన్ ఎక్కువ. పైగా నాలుగు రోజుల నాటిది పులిసి ఉంటుంది. వేడి చేస్తే విరిగిపోతుంది. దాన్ని తోడుపెట్టి చిలికి వెన్న తీయడమే మంచిది.

జవాబు 1: మిగిలినదాన్ని మళ్లీ పెట్టినా లాభం లేదు, పాయసంలో వేసేయండి. ఈసారి కుదిరితే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజుల్లో వాడేయాలి. ఫ్రీజర్‌లో పెడితే పలుకులు కడుతుంది. ‘కార్నిష్’ (కార్న్‌వాల్‌ది) అన్న పేరుకు 1998 నుంచి యూరప్‌లో రక్షణ ఉంది, కనీసం 55 శాతం కొవ్వు ఉండాలి. ఇంట్లో చేసుకునేదానికి ఆ లెక్క అక్కర్లేదు. స్కోన్ మీద ముందు జామ్ రాస్తే కార్న్‌వాల్ వాళ్లు, ముందు క్రీమ్ రాస్తే డెవన్ వాళ్లు. ఆ తగువు మాత్రం మీరే తేల్చుకోండి.