పాత మిల్లు డేటాబేస్ మీదే జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) పెట్టడమా, టేబుళ్లు కొత్తగా కట్టడమా?

కోవూరు_కోడర్: అన్నలూ సలహా చెప్పండి. మా వైపు ఒక రైస్ మిల్లులో వీబీ6 (పాత విజువల్ బేసిక్)లో రాసిన బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉంది, వెనకాల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. రైతులు ఫోన్లో బాకీ చూసుకునేట్టు వెబ్ పేజీ కావాలంటుండారు. కాటా దగ్గర గుమస్తా మాత్రం పాత ప్రోగ్రామ్ వదిలేదే లేదంటున్నాడు. బిల్లు నంబర్ ప్రతి ఏప్రిల్లో మళ్లీ 1 నుంచి మొదలవుద్ది, అందుకని సంవత్సరం, బిల్లు నంబర్ రెండూ కలిపి ప్రైమరీ కీ, అంటే ఒక్కో బిల్లుని విడిగా గుర్తుపట్టే గుర్తు. ఏం చేయమంటారు?

ఒంగోలు_బ్యాకెండ్: కొత్తగా కట్టు తమ్ముడూ. ఫారిన్ కీలు (ఒక టేబుల్‌ని ఇంకోదానికి కట్టే లింకులు) ఉండవు, రైతుల పేర్లు యూనికోడ్ కాని అను ఫాంట్లో కొట్టుంటారు, అవి బ్రౌజర్లో పిచ్చి గీతలే. ఒక నెల కష్టపడితే పీడ పోద్ది.

దర్గామిట్ట_డీబీఏ: నేను ఒప్పుకోను అన్నా. పేర్లంటావా, యూనికోడ్‌లోకి మార్చి పక్కన వేరే టేబుల్లో పెట్టుకోవచ్చు. అసలు చిక్కు అంకెల్లో ఉంటది. నేను చూసిన ఒక మిల్లులో క్వాంటిటీ కాలమ్‌లో 3.10 అని ఉంటే మూడు పుట్లా పది తూములు అని అర్థం. పుట్టికి 20 తూములు కాబట్టి అది మూడున్నర పుట్లు, మన నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే 2975 కిలోలు. దాన్ని మామూలు దశాంశం అనుకుని గుణిస్తే 2635 వస్తది, ఒక్క బిల్లులోనే రైతుకి 340 కిలోలు గల్లంతు! ఈ లెక్క టేబుల్లో యాడా రాసుండదు, వీబీ కోడ్‌లోనే ఉంటది. అది చదవకుండా డేటా మార్చేస్తే ఆ తప్పుని మనమే కొత్త డేటాబేస్‌లో ఖాయం చేసినట్టు.

కాబట్టి అబ్బయా, జాంగోలో ఇన్‌స్పెక్ట్‌డీబీ కమాండ్ కొట్టి, ఉన్న టేబుళ్ల నుంచి మోడల్స్ (టేబుళ్ల ఆకారం చెప్పే పైథాన్ కోడ్) తీసుకో, అది ఊహించి రాసేదే కాబట్టి ప్రతి ఫీల్డూ చేత్తో సరిచూడు. అందులో వచ్చే మేనేజ్డ్ = ఫాల్స్ అట్నే ఉంచు, అప్పుడు టేబుళ్లు మార్చే మైగ్రేట్ కమాండ్ కొట్టినా ఆ టేబుళ్ల జోలికి పోదు. వెబ్‌కి చదివే పర్మిషన్ మాత్రమే ఉన్న యూజర్ని ఇవ్వు, జాంగో సొంత టేబుళ్లకి వేరే డేటాబేస్ పెట్టు.

ఒంగోలు_బ్యాకెండ్: మరి ఆ రెండు కాలమ్‌ల కీ? 2025లో వచ్చిన జాంగో 5.2లో కాంపోజిట్ కీ (ఒకటికి మించి కాలమ్‌లు కలిసిన కీ) ఇచ్చారు సరే, దానికి ఫారిన్ కీ పెట్టలేవు, జాంగో రెడీమేడ్ అడ్మిన్ పేజీల్లోకీ ఎక్కదు. చివరికి ఐడీ కాలమ్ కలపాల్సిందే, అంటే టేబుల్ ముట్టుకున్నట్టేగా?

దర్గామిట్ట_డీబీఏ: ఆ మాట నిజమే. మామూలు కాలమ్ కలిపితే, కాలమ్ పేర్లు రాయకుండా ఇన్సర్ట్ (కొత్త వరస చేర్చే కమాండ్) కొట్టే పాత కోడ్ అక్కడే ఎర్రర్ కొడతది, కాటా ముందు ట్రాక్టర్లు ఆగిపోతాయి. మైఎస్‌క్యూఎల్ 8.0.23 నుంచి ఇన్విజిబుల్ కాలమ్ (పేరు పెట్టి అడిగితేనే కనపడేది) ఉంది. ఆటో ఇంక్రిమెంట్, యూనిక్ పెట్టి ఇన్విజిబుల్ చేస్తే పాత ఇన్సర్ట్‌కి అది కనపడదు, నంబర్ దానంతటదే పడతది. జాంగో కాలమ్ పేర్లు రాసే అడుగుద్ది కాబట్టి దానికి దొరుకుద్ది, మోడల్లో మాత్రం చేత్తో రాసుకోవాలి. ముందు డేటాబేస్ కాపీ మీద గుమస్తాతోనే బిల్లులు కొట్టించి చూడు.

కోవూరు_కోడర్: సర్వర్లో మైఎస్‌క్యూఎల్ 5.5 ఉంది అన్నా.

దర్గామిట్ట_డీబీఏ: అయితే జాంగో 5.2 దానికి నేరుగా కలవనే కలవదు, 8.0.11 అన్నా ఉండాలి. రాత్రిపూట డంప్ (డేటా మొత్తం కాపీ) తీసి వేరే మిషన్లో 8లోకి ఎక్కించి దాని మీద పేజీ నడుపు. బాకీ ఒకరోజు ఆలస్యంగా కనపడినా రైతు ఊరుకుంటాడు, తప్పు కనపడితే ఊరుకోడు.

ఒంగోలు_బ్యాకెండ్: డంప్ ఎక్కించేది ఎటూ ఉంది కదా, అక్కడే టేబుళ్లు శుభ్రంగా కట్టుకోమనే నా మాట. తూముల లెక్క మాత్రం ముందు గుమస్తాని అడుగు తమ్ముడూ.